గూగుల్ షీట్స్‌లో కారు సర్వీసు లెక్కలు: మెకానిక్‌తో పంచుకున్న ఐదేళ్ల అనుభవం

కారు కొని ఆరేళ్లయింది. ఓడోమీటరు 84 వేల కిలోమీటర్లు దాటింది. చేయించిన ప్రతి పనికీ లెక్క ఉంది. అయితే లెక్క రాసుకోవడం ఒక ఎత్తు, దాన్ని మెకానిక్ చేత చదివించడం ఇంకొక ఎత్తు. నా సమీక్ష ముఖ్యంగా ఈ రెండో దాని గురించే.

మొదటి ఏడాది ఫోనులో ఒక యాప్ వాడాను. చూడటానికి ముచ్చటగా ఉండేది. ఆయిల్ మార్చే గడువు దగ్గరపడితే గుర్తు చేసేది. కానీ మెకానిక్‌కు చూపించాలంటే నా ఫోనే ఆయన చేతిలో పెట్టాలి. ఆయన చేతులకేమో గ్రీజు. అది నాకు కుదరలేదు. లెక్కలన్నీ సీఎస్‌వీ ఫైలుగా (ఏ షీటులోనైనా తెరుచుకునే సాదా పట్టిక) బయటకు తీసుకునే వీలు అందులో ఉండబట్టి ఏడాది శ్రమ దక్కింది. మీరు ఏ యాప్ ఎంచుకున్నా ముందుగా ఆ వీలుందో లేదో చూసుకోండి.

ఆ తర్వాత నుంచి గూగుల్ షీట్స్. తేదీ, ఓడోమీటరు రీడింగ్, చేసిన పని, వేసిన సామాను, గమనిక అని ఐదే గడులు. ‘ఆయిల్ మార్చారు’ అని రాస్తే మెకానిక్‌కు ఉపయోగం లేదు. ‘5డబ్ల్యూ-30, ఫిల్టరుతో సహా’ అని, అంటే ఆయిల్ చిక్కదనం గ్రేడుతో రాస్తేనే ఉంది. బ్రేక్ ఫ్లూయిడ్‌కు రీడింగ్ కంటే తేదీ ముఖ్యం, ఎందుకంటే బండి కదలకపోయినా అది గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. ఇక గమనిక గడి అన్నిటికంటే విలువైనదని నాకు ఒక వానాకాలం ఉదయం తెలిసింది.

ఆ రోజు స్టార్టు చేయగానే ఇంజిన్ ఒణికింది, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. అంతకు ఎనిమిది నెలల ముందు కూడా ఇలాగే జరిగింది. అప్పట్లో స్కానర్‌లో (కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పీ0302 కోడ్ వచ్చింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, ఇంధనం సరిగా మండకపోవడం. అప్పటి మెకానిక్ రెండో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను (స్పార్కు ప్లగ్గుకు కరెంటు అందించేది) మూడో దానికి, మూడో దాన్ని రెండుకు మార్చి కోడ్ చెరిపేశారు. మళ్లీ వస్తే చూద్దామన్నారు. ఇంటికి రాగానే ఆ మాట గమనికలో రాశాను. తర్వాత ఆయన షెడ్డు మూసేశారు.

ఈసారి వెళ్లింది కొత్త మెకానిక్ దగ్గరికి. స్కానర్‌లో పీ0303 వచ్చింది. ఆయన మూడో సిలిండర్ ప్లగ్గు విప్పబోతుండగా ఆ పాత వరుస చూపించాను. రెండుసార్లు చదివారు. “అప్పుడు రెండు, ఇప్పుడు మూడు. కాయిల్‌తో పాటే జబ్బు కూడా అక్కడికి జరిగింది సార్” అన్నారు. కాయిల్ బయటికి తీస్తే కింది రబ్బరు తొడుగు మీద వెంట్రుకంత చీలిక, దాని వెంబడి నల్లటి గీత. ఒక్క కాయిల్ మార్చడంతో పని అయిపోయింది. ఆ ఒక్క వరుస లేకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్ అంటూ ఒక్కొక్కటే విప్పి చూడాల్సి వచ్చేది.

ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ విషయంలోనూ అంతే. నాలుగు నెలల్లో మూడుసార్లు కొంచెం కొంచెం పోశాను. ఏ రోజుకారోజు అది పెద్ద విషయంగా అనిపించలేదు. మూడు వరుసలూ ఒకేచోట చూసిన మెకానిక్ నేరుగా వాటర్ పంపు దగ్గరికి వెళ్లారు. అక్కడ చెమ్మ ఆరిన తెల్లటి మరక ఉంది.

అలాగని షీటు మొత్తం పంపితే ఎవరూ చదవరు. మొదట్లో 140 వరుసలున్న లింకు పంపాను. మెకానిక్ రెండుసార్లు పైకీ కిందికీ జరిపి పక్కన పెట్టేశారు. తప్పు ఆయనది కాదు, లిఫ్టు మీద ఇంకో బండి ఉంది. ఇప్పుడు ముందు రోజే ఒక్క పేజీ పీడీఎఫ్ పంపుతున్నాను. పైన ప్రస్తుత ఇబ్బంది ఏమిటి, ఎప్పుడు వస్తోంది, చల్లటి ఇంజిన్ మీదా వేడెక్కాకా అన్నది. కింద చివరి మూడు సర్వీసింగ్‌లు, ఆ ఇబ్బందికి సంబంధించిన పాత వరుసలు. అంతే. పీడీఎఫ్ అయితే షెడ్డులో సిగ్నల్ లేకపోయినా తెరుచుకుంటుంది.

అనుమతుల విషయంలో మాత్రం జాగ్రత్త. ఒకసారి మార్పులు చేసే హక్కుతో లింకు ఇచ్చాను. ఎవరి వేలు తగిలిందో, ఒక రీడింగ్ మీద వేరే అంకె పడింది. పాత ప్రతుల చరిత్రలోంచి వెనక్కి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి చూసే హక్కు మాత్రమే ఇస్తున్నాను. బీమా కాగితాలు, చిరునామా ఉన్న పేజీని అదే ఫైలులో దాచి పెట్టడం కూడా సరికాదు. చూసే హక్కు ఉన్నవారు ఫైలు కాపీ తీసుకుంటే దాచిన పేజీలూ తెరుచుకుంటాయి. వాటికి వేరే ఫైలే ఉండాలి. బిల్లుల ఫొటోలు కూడా ఆ రోజే తీయాలి. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతాయి.

ఇంకొకటి. దీపం వెలగగానే సొంత స్కానర్‌తో కోడ్ చెరిపేసి వెళ్లకండి. తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం వంటి వివరాలు కోడ్‌తో పాటే నమోదై ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి.

నా లెక్కను చూసి కూడా సొంతంగా కొలిచి చూసుకునే మెకానిక్ అంటే నాకు గౌరవం. ఇప్పుడున్నాయన అలాంటివారే. మొన్నటి సర్వీసింగ్‌లో ముందు బ్రేక్ ప్యాడ్ల మందం 6 మిల్లీమీటర్లని నేను అడగకుండానే కొలిచి చెప్పారు. “కిందటిసారి ఎంత రాశారు సార్?” అని అడిగారు. 7 అని చెప్పాను. తర్వాత ఎప్పుడు చూడాలో ఆయనే ఒక రీడింగ్ చెప్పి, నేను గమనికలో రాసేదాకా పక్కనే నిలబడ్డారు.