ఒకే ప్రత్యర్థి, ఆరు మ్యాచ్‌లు: ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ టికెట్ మీద నా సమీక్ష

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే తెలుగువాళ్లకు, రఫ్‌రైడర్స్ బేస్‌బాల్ జట్టు ఆడే రైడర్స్ ఫీల్డ్ గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. అవుట్‌ఫీల్డ్ గోడ వెనక ట్యూబుల మీద తేలుతూ మ్యాచ్ చూసే నీటి కాలువ, బాణసంచా, పిల్లల హడావుడి అన్నీ అందరూ చూసినవే. పార్కింగ్, తిండి, ధరల గురించి రాసేవాళ్లు రాశారు. నేను కొన్నేళ్లుగా హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక, నెట్‌కు దగ్గరగా ఉన్న సీటుకు సగం సీజన్ టికెట్ కొంటున్నాను. ఏటా డబ్బు కట్టేటప్పుడు మా ఇంట్లో చర్చ జరుగుతుంది, ఏటా నేనే నెగ్గుతాను. దానికి ఒకే కారణం ఉంది. వారమంతా ఒకే ప్రత్యర్థి.

2021లో మేజర్ లీగ్ బేస్‌బాల్, కుర్రాళ్లను తన కోసం తయారుచేసే కింది స్థాయి మైనర్ లీగ్‌లను పూర్తిగా తన చేతిలోకి తీసుకుని 120 జట్లకు కుదించింది. ప్రయాణాలు తగ్గించడానికి ఈ పద్ధతి కూడా అప్పుడే తెచ్చింది. వచ్చిన జట్టు మంగళవారం నుంచి ఆదివారం దాకా ఇక్కడే ఉంటుంది. సోమవారం సెలవు. అంతకుముందు మూడు నాలుగు మ్యాచ్‌లు కాగానే జట్టు మారిపోయేది. నా పక్క సీటు పెద్దమనిషి ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు, గురువారానికల్లా అవే ముఖాలు చూడలేక విసుగొస్తుందని. నాకు మాత్రం గురువారం నుంచే అసలు ఆట మొదలవుతుంది. ముఖ్యంగా ఏప్రిల్‌లో.

ఎందుకంటే ఏప్రిల్‌లో బోర్డు మీద కనిపించే బ్యాటింగ్ సగటుకు విలువ లేదు. నాలుగు వారాల్లో ఒక కుర్రాడికి 80 అట్-బ్యాట్లు, అంటే సగటు లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలు, దొరికాయనుకోండి. 20 హిట్లు కొడితే సగటు .250, 28 కొడితే .350. మొదటివాణ్ని ఇంటికి పంపేయాలంటారు, రెండోవాణ్ని రేపే ఆర్లింగ్టన్‌కు, ఫ్రిస్కో పై జట్టైన మేజర్ లీగ్ టెక్సస్ రేంజర్స్ దగ్గరకు, పంపమంటారు. ఇద్దరి మధ్య తేడా వారానికి రెండు హిట్లు. అందులో ఒకటి ఫీల్డర్ చేతికి అంగుళం దూరంలో పడ్డ బంతి, ఇంకొకటి గాలికి తేలిపోయిన బంతి అయి ఉండవచ్చు. అంకెలు తవ్వేవాళ్లు ఎప్పుడో లెక్క తేల్చారు: స్ట్రైకౌట్ల (మూడు స్ట్రైక్‌లకు అవుటవడం) నిష్పత్తి సుమారు 60 సార్లు బ్యాట్ పట్టేసరికి ఒక దారిలో పడుతుంది, వాక్‌ల (నాలుగు చెడ్డ బంతులను వదిలి ఉచితంగా బేస్ చేరడం) నిష్పత్తికి 120 కావాలి, బ్యాటింగ్ సగటుకైతే 900 దాటాలి. ఫ్రిస్కో ఆడే డబుల్-ఏ స్థాయిలో సీజనే 138 మ్యాచ్‌లు. ఏడాదంతా ఆడినా ఆ లెక్కకు చేరరు. అయినా ఏప్రిల్ మూడో వారంలో ఫోను తెరిస్తే చాలు, 'దూసుకుపోతున్న పది మంది కుర్రాళ్లు' అన్న జాబితా ఎదురవుతుంది.

పైగా ఫ్రిస్కో ఉన్న టెక్సస్ లీగ్‌లో ఎవరు ఎక్కడ ఆడారన్నది కూడా చూడాలి. లీగ్‌లోని మరో ఊరు అమరిల్లో సుమారు 3,600 అడుగుల ఎత్తున ఉంటుంది. గాలి పలచన, బంతి దూరం పోతుంది. ఒక వారం అక్కడ గడిపి వచ్చిన జట్టులో ప్రతివాడూ వీరుడిలా కనిపిస్తాడు. ఆరు మ్యాచ్‌ల పద్ధతిలో అదొక తిరకాసు: ఆ ఊరి ప్రభావం నెలలో నాలుగో వంతు మీద పడుతుంది.

ఇక ఈ టికెట్ నాకు చూపించిన ఒక వారం గురించి.

ఒక ఏప్రిల్‌లో మా మామగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. క్రికెట్ తప్ప మరో ఆట లేదనే మనిషి. బేస్‌బాల్ నియమాలు చెప్పబోతే, "ముందు చూడనివ్వండి" అన్నారు. మంగళవారం సాయంత్రం చలిగాలికి శాలువా కప్పుకుని నా పక్కన కూర్చున్నారు. మా ముందు వరుసలో ప్రత్యర్థి జట్టు కుర్రాడొకడు, ఒక చేతిలో రాడార్ గన్, ఒడిలో అట్ట. అట్టకు చిన్న చిన్న గళ్లు గీసిన కాగితం. మర్నాడు బంతులు వేయాల్సిన పిచర్ (మన బౌలర్ లాంటివాడు) ముందు రోజు ఇలా జనంలో కూర్చుని ప్రతి బంతినీ రాసుకోవడం మైనర్ లీగ్‌లలో పాత ఆచారం. ఏ రకం బంతి, ఎంత వేగం, గడిలో ఎక్కడ పడింది, బ్యాటర్ ఏం చేశాడు. ఈ సీటు కొనడానికి నాకు అది ఒక్కటే చాలు. అతని భుజం మీదుగా తొంగి చూస్తే బోర్డు చెప్పని కథ కనిపిస్తుంది.

ఫ్రిస్కో తరఫున ఒక ఎడమచేతి బ్యాటర్. పేరెందుకులెండి. అప్పటికి సగటు .390. ఆ రాత్రి రెండు డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) కొట్టాడు, రెండూ నడుము పైన వచ్చిన ఫాస్ట్ బాల్‌లే. జనం లేచి నిలబడ్డారు. ముందు వరుస కుర్రాడు మాత్రం లేవలేదు, చప్పట్లు అతనికెందుకు! ఆ ఇన్నింగ్స్‌లోనే అంతకుముందు ఆ బ్యాటర్ ఊపి తప్పిన బంతి దగ్గరకు పెన్ను వెనక్కి తీసుకెళ్లి, గడి కింది మూలన రెండుసార్లు సున్నా చుట్టాడు. బయటి వైపు, కిందికి జారిన ఛేంజప్, అంటే ఫాస్ట్ బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి.

నేను అది గమనించి మామగారికి చెప్పబోతుంటే ఆయనే అన్నారు: "అల్లుడుగారూ, ఈ పిల్లవాడు బాగా కొడుతున్నాడు కానీ ఆఫ్ స్టంప్ బయటి బంతిని అసలు వదలడం లేదు. మన దగ్గరైతే రెండో రోజుకే స్లిప్‌లో దొరికిపోతాడు."

"ఇక్కడ స్లిప్ ఉండదండీ మామయ్యగారూ."

"స్లిప్ లేకపోతేనేం, వేసేవాడికి కళ్లున్నాయిగా."

బుధవారం మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) ఎక్కింది ఆ రాసుకున్న కుర్రాడే. మొదటి బంతి ఛేంజప్, సరిగ్గా తను సున్నా చుట్టిన మూలకు. మనవాడు ఫాస్ట్ బాల్ అనుకుని ఊపాడు, బ్యాట్ బంతి పైనుంచి పోయింది. రెండోది అదే. మూడోది ఇంకొంచెం బయటికి, అదీ ఊపాడు. గురువారం వేరే పిచర్, అదే మూల. శుక్రవారం కూడా అంతే. బ్యాట్ తగిలినప్పుడల్లా బంతి నీరసంగా దొర్లుకుంటూ సెకండ్ బేస్‌మన్ చేతిలోకి వెళ్లింది. శనివారం రాత్రి హెల్మెట్ డగౌట్ మెట్ల మీద విసిరికొట్టిన చప్పుడు మా దాకా వినిపించింది. అయినా బోర్డు మీద సగటు ఇంకా .330 దగ్గర వెలుగుతోంది. అప్పుడే తలుపు తీసుకుని వచ్చినవాడికి లీగ్‌లోని మంచి బ్యాటర్లలో ఒకడనిపిస్తుంది. ప్రత్యర్థి జట్టుకు మాత్రం నాలుగు రోజుల క్రితమే అతని గుట్టు తెలిసిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మంగళవారం నాటి పిచరే తిరిగి వచ్చాడు. అప్పుడు ఫాస్ట్ బాల్ వేసి రెండు డబుల్స్ ఇచ్చుకున్నవాడు ఈసారి పాఠం నేర్చుకుని వచ్చాడు. మొదటి బంతే ఆ మూలకు. బ్యాట్ కదిలింది, ముందుకు రాబోయి మణికట్టు దగ్గర ఆగిపోయింది. 'బాల్', అంటే చెడ్డ బంతి, అన్నాడు అంపైర్. రెండోది అక్కడే, ఈసారి బ్యాట్ కదలలేదు. మామగారు నా మోచేతిని గట్టిగా పట్టుకున్నారు. "వదిలాడు! వదిలాడండీ!" చుట్టూ ఎవరికీ ఆ సంబరం అర్థం కాలేదు. ఆ రోజు మనవాడికి మూడు వాక్‌లు, సెంటర్ ఫీల్డర్ చేతిలోకి నేరుగా కొట్టిన ఒక గట్టి బంతి. హిట్ ఒక్కటీ లేదు. సగటు ఇంకాస్త పడింది. నా దృష్టిలో ఆ నెలలో అతను ఆడిన మంచి ఆట అదే.

పాత పద్ధతిలో ఆ జట్టు గురువారమే బస్సెక్కి వెళ్లిపోయేది. అతను దొరికిపోవడమూ, తేరుకోవడమూ రెండూ ఎవరూ చూసేవారు కాదు. టికెట్ గురించి నేను ఇంతగా చెప్పడానికి కారణం ఇదే. అయితే తర్వాతి వారం తుల్సా ఊళ్లో అదే రకం బంతికి మళ్లీ ఊపాడని ఫోనులో చూశాను. ఒక్క ఆదివారం కూడా చిన్న లెక్కే.

పేరున్నవాళ్ల సంగతీ ఇంతే. పిచర్ జాక్ లైటర్‌ను రేంజర్స్ 2021 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) రెండో స్థానంలో తీసుకుని నేరుగా ఫ్రిస్కోకు పంపారు. 2022 ఏప్రిల్‌లో తొలి మ్యాచ్‌లో 3 ఇన్నింగ్స్‌లో 7 స్ట్రైకౌట్లు. ఇక ఫ్రిస్కోలో ఎన్నాళ్లుంటాడు అన్నారు అందరూ. ఆ సీజన్ ముగిసేసరికి అతను తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగులు సగటున 5.54. మరుసటి ఏడు కూడా ఇక్కడే, అప్పుడూ 5 పైనే. మేజర్ లీగ్ తొలి మ్యాచ్ 2024 ఏప్రిల్‌లో గాని రాలేదు, 2025 నాటికి మాత్రం రేంజర్స్ ప్రధాన పిచర్లలో ఒకడయ్యాడు. బ్యాటర్ వాయట్ లాంగ్‌ఫర్డ్ కథ తిరగేసినట్టు ఉంటుంది. 2023లో ఫ్రిస్కోలో ఆడింది 12 మ్యాచ్‌లే, కళ్లార్పేలోగా వెళ్లిపోయాడు. 2024లో మేజర్ లీగ్‌కు వెళ్లాక ఏప్రిల్ 28 దాకా ఒక్క హోమ్ రన్ లేదు. ఆ మొదటిది కూడా గోడ దాటలేదు, మైదానంలోనే పరుగెత్తి తెచ్చుకున్నది. ఆ నెల చూసి పెదవి విరిచినవాళ్లు జూన్ చివర్లో అదే కుర్రాడు బాల్టిమోర్‌లో సైకిల్ (ఒకే మ్యాచ్‌లో సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్ రన్) కొట్టడం చూశారు.

పిచర్ కుమార్ రాకర్ పేరు చెప్పకుండా మా ఇంట్లో ఈ సమీక్ష ఒప్పుకోరు. అతని అమ్మ తరఫు తాతయ్య, అమ్మమ్మ ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వెళ్లినవారు. 2023లో నార్త్ కరోలైనాలోని హికరీలో, రేంజర్స్ కింది స్థాయి జట్టుతో, సీజన్ మొదలుపెట్టి, 6 మ్యాచ్‌ల్లో 28 ఇన్నింగ్స్‌కు 42 స్ట్రైకౌట్లు తీశాడు. ఈసారి ఏప్రిల్ అంకెలు నిజమే చెబుతున్నాయనిపించింది. మే నెలలో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స, అంటే తెగిన లిగమెంటును సరిచేసేది. మోచేతి లోపల ఏముందో ఏ బోర్డూ చూపించదు. మళ్లీ 2024 వేసవి చివర్లో ఫ్రిస్కోలో కొన్ని మ్యాచ్‌లు వేసి, సెప్టెంబరు 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ తొలి మ్యాచ్‌లో 4 ఇన్నింగ్స్‌కు 7 స్ట్రైకౌట్లు తీశాడు. మామగారు ఆ ముక్కను తెనాలిలో ఎంతమందికి చెప్పారో లెక్కలేదు.

ఇక ఇబ్బందులు. ఏప్రిల్‌లో ఉత్తర టెక్సస్ వాతావరణాన్ని నమ్ముకుని ఏదీ కొనకూడదు. ఒకసారి వడగళ్లు, ఒకసారి ఉరుములు, ఆరింటిలో ఒకటి ఎగిరిపోతుంది. దాన్ని మరునాటి మ్యాచ్‌తో కలిపి, మామూలు తొమ్మిదికి బదులు ఏడేసి ఇన్నింగ్స్‌కు ఆడిస్తారు. సీజన్ మొదట్లో పిచర్లను నాలుగైదు ఇన్నింగ్స్‌కే ఆపేస్తారు కాబట్టి ఒక పేరు చూసి టికెట్ కొంటే ఎనిమిదింటికల్లా మీ పని అయిపోతుంది. మంగళవారం వేసినవాడు ఆదివారం తప్పక వస్తాడన్న హామీ కూడా లేదు. ఆరుగురు పిచర్లను తిప్పే జట్లు చాలా ఉన్నాయి, అప్పుడు ఎవరైనా వారానికి ఒక్కసారే. అలాంటి వారాల్లో ఈ ఆరు మ్యాచ్‌ల పద్ధతి మీద నా మోజు సగానికి పడిపోతుంది. జట్టు బలహీనమైనదైతే శుక్రవారానికి పక్క సీటు పెద్దమనిషి సణుగుడులో న్యాయం కనిపిస్తుంది.

నేనైతే వచ్చే ఏడు కూడా తీసుకుంటాను. మా ఇల్లు స్టేడియానికి దగ్గర, పని ఇంటి నుంచే, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇర్వింగ్ నుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో రావాలంటే ఇదే మాట చెబుతానని అనుకోను. బేస్‌బాల్ కొత్త అయితే సీజన్ టికెట్ జోలికి పోకుండా, ఏప్రిల్‌లో ఒకే వారంలో మంగళవారానికొకటి, ఆదివారానికొకటి, హోమ్ ప్లేట్ వెనక సీటు కొని చూడండి. ముందు వరుసలో అట్ట పట్టుకున్న కుర్రాడు కనిపిస్తే అతని వెనక సీటు ఖాళీగా ఉందేమో అడగండి. వారం మధ్యలో సాధారణంగా ఉంటుంది.