నల్లగొండ, సాగర్ ప్రయాణం: నూనె తక్కువ భోజనం ఎక్కడ దొరికింది

నల్లగొండలో ఆ రెస్టారెంట్‌లో కూర్చునేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మా చెల్లెలి పెళ్లయి పాతికేళ్లు నిండాయని మరిది పదిమందికి టేబుల్ బుక్ చేశాడు. ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, గుడ్డ నాప్‌కిన్లు, అట్టపెట్టెలాంటి మెనూ. కెప్టెన్ వచ్చి "స్టార్టర్స్ ఏం చెప్పమంటారు మేడమ్?" అని ముందు నన్నే అడిగాడు. నేను పేజీలు తిప్పుతూ ఉండిపోయాను.

"ఇయ్యాల ఒక్కరోజు ఆ లెక్క పక్కన పెట్టుండ్రి వదినా" అన్నాడు మరిది. ప్రేమతో అన్న మాటే. కానీ ఈ ఒక్కరోజు అన్నది నెలలో ఎన్నిసార్లు వస్తుందో ఇంట్లో క్యాలెండర్ చూస్తే తెలుస్తుంది. గృహప్రవేశం, పుట్టినరోజు, ఒడిబియ్యం, పెళ్లి, ఆఫీసులో ఎవరిదో రిటైర్మెంట్. అన్నీ ఒక్కరోజులే. నాకు ఫ్యాటీ లివర్ అని, షుగర్ అంచున ఉందని తేలి ఆరు నెలలైంది. కూర్చుని పనిచేసే ఆడవాళ్లకు రోజుకు 1,660 కేలరీలు సరిపోతాయని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. బరువు తగ్గాలి కాబట్టి నాకు డైటీషియన్ 1,400 రాసిచ్చింది. ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. మెట్లెక్కితే ఆయాసం పోయింది. దాన్ని ఒక్క విందు కోసం వదులుకోవాలని లేదు, అలాగని చెల్లెలి పండగ పూట ముఖం ముడుచుకుని కూర్చోవాలనీ లేదు. రాత్రి భోజనం ఐదు వందల కేలరీల్లో ముగించి, అందరితో పాటు హాయిగా తినాలి. నేను అనుకున్నది అంతే.

మెనూలో కేలరీల అంకెలు లేవు. పది, అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లూ, కేంద్ర లైసెన్సు ఉన్నవీ మాత్రమే వంటకం పక్కన కేలరీలు చూపాలని రూలు. జిల్లా కేంద్రంలో ఒక్కటే ఉండే రెస్టారెంట్‌కు అది వర్తించదు. కాబట్టి అక్కడ మనకు ఆధారం వంట ఎలా జరుగుతుందో తెలిసి ఉండడమే.

ఇలాంటి చోట్ల కూరలు ఒక్కోటి మొదటి నుంచి వండరు. పొద్దున్నే ఉల్లిపాయ, టమాటా గ్రేవీ ఒకటి, జీడిపప్పు వేసిన తెల్ల గ్రేవీ ఒకటి గిన్నెలకొద్దీ చేసి పెట్టుకుంటారు. ఆర్డర్ వచ్చాక అందులో పనీరో, పుట్టగొడుగో, చికెనో కలిపి, పైన క్రీమూ వెన్నా వేసి ఇస్తారు. "మేడమ్, నూనె తక్కువ వేయిస్తా" అని వాళ్లు మనస్ఫూర్తిగా అన్నా, గ్రేవీలో పొద్దున పోసిన నూనెను రాత్రి తీయలేరు. టేబుల్ స్పూన్ నూనె అంటే 120 కేలరీలు. నాలుగు స్పూన్లు తేలుతున్న గిన్నెలో రొట్టె ముంచుకుంటూ పోతే, రెండు రొట్టెలే కదా తిన్నాం అనుకోవడానికి లేదు. అందుకే గ్రేవీ కూరల పేజీ మొత్తం వదిలేశాను. అపోలో ఫిష్, మంచూరియా, సిక్స్‌టీ ఫైవ్ కూడా వద్దనుకున్నాను. అవన్నీ పిండి పట్టించి మూకుడు నూనెలో దేవేవే. మలై కబాబ్ బొగ్గుల మీద కాల్చేదే అయినా ముక్కను నానబెట్టేది క్రీములో.

ఇక మిగిలినవి తందూర్ మీద కాల్చేవి, పప్పు, పల్చటి సూపు, సలాడ్, పెరుగు. వెజ్ క్లియర్ సూప్, ఒక సలాడ్, హాఫ్ తందూరీ చికెన్, దాల్ తడ్కా, తందూరీ రోటీ చెప్పాను. స్వీట్ కార్న్ సూపయితే కార్న్‌ఫ్లోర్‌తో చిక్కగా వస్తుంది. బటర్ నాన్ మైదా, దాని మీద వెన్న, ఒక్కటే మూడు వందలు దాటిపోతుంది. తందూరీ రోటీ నూట ఇరవై చుట్టుపక్కల ఉంటుంది.

సూపు బాగుంది. సలాడ్ దగ్గరే పొరపాటు జరిగింది. పేరు చూసి కీర, క్యారెట్ ముక్కలు వస్తాయనుకున్నాను. క్యాబేజీ తురుము మీద తెల్లగా మయోనైజ్ కప్పుకుని వచ్చింది. అది టేబుల్ స్పూన్‌కు సుమారు వంద కేలరీలు, నా అంచనాలో ఆ గిన్నెలో నాలుగు స్పూన్లకు తక్కువ లేదు. దాన్ని పిల్లల వైపు జరిపి, ఉల్లిపాయ, కీర, నిమ్మచెక్క కోసి ప్లేటులో పెట్టి తెమ్మన్నాను. తరువాత తందూరీ చికెన్ వచ్చింది. వెన్న రాయొద్దని సర్వర్‌కు రెండుసార్లు చెప్పాను. అయినా లైటు కింద ముక్క తళతళ మెరుస్తోంది. టిష్యూ పేపర్ తీసి తొడ ముక్క మీద మెల్లగా అద్దాను. పేపర్ అవతల నా వేలి గోరు కనిపించేంత పారదర్శకంగా అయిపోయింది.

కెప్టెన్‌ను పిలిచి, కోపం లేకుండా ఆ పేపరే చూపించాను. అతనికి ముప్పై ఏళ్లుంటాయేమో. సాకులు చెప్పలేదు. "సారీ మేడమ్. తందూర్ దగ్గర మాస్టర్‌కు సీకు తీయంగనే బ్రష్‌తోటి వెన్న రాసుడు అలవాటు. మీరు చెప్పింది కేఓటీల ఎక్కలే" అన్నాడు. కేఓటీ అంటే వంటగదికి వెళ్లే ఆర్డర్ చీటీ. వంటవాడు చూసేది ఆ చీటీనే, మనం సర్వర్‌కు చెప్పిన మాట అతని చెవిన పడదు. ఈసారి కెప్టెన్ మా ముందే చీటీ మీద 'నో బటర్, దాల్ తడ్కా సెపరేట్' అని కొట్టించాడు. పావుగంటలో రెండో ప్లేటు వచ్చింది. అంచులు కొద్దిగా మాడి, పెరుగు, కారం ముక్కకు ఆరిపోయి పట్టుకుని, బొగ్గు వాసనతో. నిమ్మకాయ పిండుకుని తింటే వెన్న రాసినదాని కంటే రుచిగా ఉంది. పప్పు గిన్నె మీద చిన్న కటోరీలో పోపు విడిగా వచ్చింది. అందులో సగం స్పూను, ఎండుమిరపకాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు మాత్రం వేసుకున్నాను. మా చెల్లెలు నా ప్లేటులోంచి ఒక ముక్క తీసుకుని "గిది మంచిగుందక్కా, నాకెందుకు చెప్పలే?" అంది.

చివర గులాబ్ జామూన్ వచ్చింది. సగం తిన్నాను, సగం చెల్లెలికి పెట్టాను. చెల్లెలి పాతికేళ్ల పండగలో ఆ సగం తినకపోతే నాకే బాగుండేది కాదు. మొత్తం వేసుకుంటే ఐదు వందలకు కాస్త అటూ ఇటూ వచ్చుంటుంది. పదిమందికి బిల్లు ఐదు వేలు దాటింది. హైదరాబాద్‌తో పోలిస్తే తక్కువే. వంట, శుభ్రత రెండూ బాగున్నాయి. సర్వర్లకు మాత్రం వంటకాల గురించి తెలియదు. ఏది మైదా, ఏది గోధుమ అని అడిగితే తలాడించి వెళ్లిపోతారు. కెప్టెన్‌తోనే మాట్లాడండి. ఆ కెప్టెన్ ఉన్నంతకాలం అక్కడికి మళ్లీ వెళ్తాను.

బస విషయానికొస్తే, అదే వీధిలో లాడ్జి కంటే ఒక మెట్టు పైనున్న హోటల్. దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, లిఫ్ట్ ఉంది. వేడినీళ్లు ఆరు నుంచి తొమ్మిది వరకే. పొద్దున టిఫిన్ గది అద్దెలోనే కలిసి ఉంది. ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా. మూడు ఇడ్లీలు, సాంబారు తీసుకున్నాను. పల్లీ చట్నీ ఒక్క స్పూనే.

టిఫిన్‌కు ముందే పానగల్లు వెళ్లొచ్చాం. ఊరికి నాలుగు కిలోమీటర్లు. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి లోపల లింగం వెనక గోడ మీద స్తంభంలాంటి నీడ పడుతుంది. సూర్యుడు ఎటు జరిగినా అది కదలదు. అది ఒక స్తంభం నీడ కాదని, మండపంలోని స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుతురు అమరిక వల్ల అలా పడుతుందని పూజారి చెయ్యి అడ్డం పెట్టి చూపించాడు. కుందూరు చోడుల కాలం నాటి గుడి. దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, పక్కనే మ్యూజియం. ఉదయ సముద్రం కట్ట మీద నలభై నిమిషాలు నడిచాను. సెప్టెంబరులో చెరువు నిండుగా ఉండి గాలి చల్లగా వస్తుంది. నల్లగొండ వెళ్లినవాళ్లు తెల్లవారగానే ఇక్కడికి రండి, ఎండ ఎక్కాక ఆ కట్ట మీద నీడ లేదు.

నాగార్జునసాగర్ డ్యామ్‌కు మధ్యాహ్నానికి చేరాం. గేట్లు ఎత్తారని తెలిసి జనం విరగబడ్డారు. మొత్తం 26 గేట్లు. నీటి తుంపర వంతెన మీద నిలబడిన వాళ్ల ముఖాలకు తగులుతోంది. దారి పొడవునా చేపల ఫ్రై బండ్లు. ఎర్ర మసాలా పట్టించిన ముక్కలు మూకుడులో తేలుతుంటే నోరూరకుండా ఎలా ఉంటుంది? పొద్దుటి నుంచి మరిగి నల్లబడిన నూనె చూసి ఆగాను.

మేం దిగిన చోట గది కిటికీలోంచి నీళ్లు కనిపిస్తాయి. ఆ ఒక్కదానికే అద్దె చెల్లించవచ్చు. మిగతావి అంత బాగా లేవు. జనం ఎక్కువైన రోజు కావడంతో గది ఇవ్వడానికి గంటన్నర ఆపారు, తువ్వాళ్లు అడిగితే గానీ రాలేదు. మధ్యాహ్నం బఫే మనిషికి ఐదు వందలు.

బఫే అంటే కేలరీలు చూసుకునేవాళ్లకు టెన్షన్. నాకైతే మెనూ కంటే అదే నయం, వంటకం కళ్లముందే ఉంటుంది కాబట్టి. ప్లేటు తీసుకోకుండా ఒక చుట్టు చుట్టి వచ్చాను. వంకాయ కూర గిన్నె అంచు చుట్టూ వేలెడు మందాన నూనె. చికెన్ కర్రీ అంతే. వెజ్ బిర్యానీలో నెయ్యి మెరుస్తోంది. చివర్న, అప్పడాల పక్కన, ఒక స్టీలు గిన్నె ఎవరూ ముట్టుకోకుండా ఉంది. మూత తీస్తే పచ్చిపులుసు.

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ సన్నగా తరిగి వేసి, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, కొత్తిమీర, పైన ఆవాలు జీలకర్రతో స్పూనులోపు పోపు. పులుసును మరిగించే పనే లేదు, ఆ కాస్త పోపులో తప్ప నూనె పోసే చోటే లేదు. మా నాయనమ్మ ఎండాకాలంలో రోజూ చేసేది. కప్పు పాలకూర పప్పు, కప్పు అన్నం, రెండు కప్పుల పచ్చిపులుసు, పెరుగు. పెద్ద కప్పు అన్నానికి రెండు వందల కేలరీలు వేసుకున్నా మొత్తం నాలుగు వందలు దాటలేదు, కడుపు నిండిపోయింది. అలాంటి వంటకాన్ని అప్పడాల చాటున, పేరు చీటీ కూడా పెట్టకుండా ఉంచడం నాకు బాధేసింది. బయట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అది చారు అనుకుని దాటిపోతున్నారు. మొన్న జనవరిలో మహబూబ్‌నగర్ వెళ్లినప్పుడు ఒక హోటల్‌లో జొన్నరొట్టె కాల్చే ఆవిడను బఫే మొదట్లోనే కూర్చోబెట్టారు, అందరూ వరసలో నిలబడి మరీ తిన్నారు. పచ్చిపులుసును కూడా అలా ముందుకు తెస్తే బాగుండును.

రాత్రి కొరమీను తినాలనిపించింది. మన తెలంగాణ రాష్ట్ర చేప, కొవ్వు తక్కువ, ముళ్లూ తక్కువ. పెనం మీద ఒక స్పూను నూనెతో కాల్చి ఇస్తారా అని అడిగితే వంటాయన స్వయంగా బయటికి వచ్చాడు. పెద్దాయన. "ఇనుప పెనం తల్లీ. నూనె లేకుంటే చేప అంటుకుంటది, ముక్క చెదురుతది. ఒప్పుకోని నీకు ఖరాబు చేసి పెట్టలేను. పులుసు పెట్టిన, దాని మీద తేలిన నూనె తీసేసి ముక్కలు పోసిస్త, తింటవా?" అన్నాడు. చేయలేనిది చేయలేనని చెప్పి, చేయగలిగింది తానే చెప్పాడు. గరిటె వెనకవైపుతో పులుసును నొక్కి, పైకి లేచిన ఎర్రటి నూనెను వేరే గిన్నెలోకి వంపడం కౌంటర్ పక్కన నిలబడి చూశాను. రెండు ముక్కలు, పుల్లటి పులుసు, ఒక జొన్నరొట్టె. ఈ మూడు రోజుల్లో అన్నింటికంటే తృప్తిగా తిన్నది ఆ భోజనం. అందుకే గది విషయంలో ఎన్ని లోట్లున్నా, ఆయన ఉన్నాడని తెలిస్తే మళ్లీ అక్కడే దిగుతాను. గేట్లు ఎత్తిన వారం మాత్రం కాదు.

మర్నాడు సాగర్‌లోనే ఉన్న బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం చూశాం. 2022లో ప్రారంభమైంది, 274 ఎకరాలు. మహాస్తూపం చుట్టూ తిరిగి, పార్కులన్నీ చూడడానికి రెండున్నర గంటలు పట్టింది. లోపల తినడానికి చిప్స్, కూల్‌డ్రింక్‌లు తప్ప పెద్దగా ఏమీ కనిపించలేదు. నీళ్లు, పండ్లు వెంట తీసుకెళ్లండి. నల్లగొండలో బయల్దేరేటప్పుడు బత్తాయిలు కొన్నాం, సీజన్ కదా, బండ్ల నిండా ఉన్నాయి. జ్యూస్ తీయించుకుంటే పీచు పోతుంది, పైగా అడగకుండానే చక్కెర వేస్తారు. ఒలుచుకుని తొనలే తిన్నాం.

ఇంటికొచ్చాక నాలుగు రోజులకు బరువు చూసుకుంటే పెరగలేదు. దీపావళి తరువాతి ఆదివారం మరిది పుట్టినరోజు, మళ్లీ అదే రెస్టారెంట్ అట. టేబుల్ బుక్ చేసేటప్పుడే నా ప్లేటు గురించి కెప్టెన్‌కు చెప్పమని చెల్లెలికి ఫోన్ చేశాను. తందూరీకి వెన్న వద్దని, పోపు విడిగా కావాలని, సలాడ్ ఉత్త ముక్కలేనని కేఓటీ మీద ఎక్కించమన్నాను.

"రెండు ప్లేట్లకు చెప్తనక్కా" అంది.