పాత స్టేషన్ వ్యాగన్‌కు డిక్కీ తెర కొనేవారికి హెచ్చరిక

‘బండికి ఒక్క రంధ్రం కూడా చేయనవసరం లేదు’ అన్న ప్రకటనను నమ్మి, 1970ల నాటి నా స్టేషన్ వ్యాగన్‌కు (పైకప్పు వెనుక దాకా సాగి, సామాను భాగం సీట్లతో కలిసే ఉండే కారుకు) వెనుక సీటుకూ సామాను భాగానికీ మధ్య వేలాడదీసే తెర ఒకటి కొన్నాను. నేడు ఆ బండి పైకప్పులో నాలుగు రంధ్రాలున్నాయి.

తెర కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఈ బండ్లలో డిక్కీకి విడిగా గోడ ఉండదు కనుక, ఏసీ గాలి అయినా హీటరు వేడి అయినా వెనుక తలుపు దాకా వ్యాపించి, ముందు కూర్చున్నవారికి అందేది కొంతే. కానీ విక్రేత వోల్వో 240కీ, మెర్సిడెస్ 123కీ, ప్యూజో 504కీ ఒకే కొలత తెరను ‘మీ మోడల్ కోసమే’ అంటూ అమ్ముతున్నాడని నేను ఆలస్యంగా గమనించాను. వ్యాగన్ పక్కగోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. కిటికీ అంచు దగ్గరి వెడల్పు వేరు, పైకప్పు దగ్గరిది వేరు. తెరను పట్టి ఉంచే స్ప్రింగు రాడ్డును రెండు పక్కగోడల మధ్య బిగించగానే పక్కనున్న అట్ట ప్యానెళ్లు ఉబ్బాయి, మొదటి గట్టి బ్రేకుకే రాడ్డు ఊడి పడింది.

ఫిర్యాదు చేస్తే తమ ఫిట్టరు వద్దకు వెళ్లమన్నారు. నేను అరగంట పక్కకు వెళ్లి వచ్చేసరికి అతడు నన్ను అడగకుండానే పైకప్పు అడ్డపట్టీకి డ్రిల్లు పెట్టాడు. వెనుక తలుపుకు వెళ్లే వైర్లు నా బండిలో అక్కడి నుంచే పోతాయి. స్క్రూ మొన వాటి తొడుగును కోయడంతో, వెనుక వైపర్ స్విచ్ నొక్కిన ప్రతిసారీ ఫ్యూజు పోయేది. అంతకన్నా నన్ను భయపెట్టినది, తెర కింది మూలల బ్రాకెట్లను అతడు సీటు బెల్టు బోల్టుల కింద ఇరికించడం. ఆ బోల్టులు 7/16 అంగుళాలవి, అంగుళానికి 20 మరలు (బోల్టు మీది చుట్లు). 3 మిల్లీమీటర్ల మందం గల బ్రాకెట్టును మధ్యలో పెడితే రెండు మరలకు పైగా పట్టు పోతుంది. ప్రాణాలు కాపాడవలసిన బోల్టును కర్టెన్ కోసం వదులు చేయడం నాకు క్షమించరానిదిగా తోచింది.

గుడ్డ విషయం కూడా చెప్పాలి. అమెరికాలో కారు లోపలి వస్తువులు నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించిన వేగంతో కాలకూడదన్న నిబంధన 1972 నుంచీ అమలులో ఉంది. ఈ తెర అటువంటి పరీక్షకు నిలిచిందా అని అడిగితే విక్రేత సమాధానమివ్వలేదు. చిన్న ముక్కను కత్తిరించి బయట నిప్పు అంటిస్తే, అది భగ్గుమని మండి బొట్లు బొట్లుగా కారింది.

ప్రకటనలోని మరో రెండు మాటలు మరింత ప్రమాదకరమైనవి. తెర సామాను ముందుకు దూకకుండా ఆపుతుందట. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనులో పదో వంతులో ఆగిపోతే, 10 కిలోల పనిముట్ల పెట్టె దాదాపు 140 కిలోల బరువుతో సమానమైన బలంతో ముందుకు వస్తుంది. ఆ బలానికి గుడ్డ ఒక లెక్క కాదు, దాన్ని ఆపడానికి ఉక్కు జాలీ గానీ, గట్టిగా బిగించిన పట్టీలు గానీ కావాలి. రెండవది, తెర పొగ వాసనను ఆపుతుందన్న మాట. నడిచే వ్యాగన్ వెనుక గాలి పీడనం తగ్గి, అరిగిన తలుపు రబ్బరు సందుల గుండా సైలెన్సరు పొగ లోపలికి వస్తుంది. తెర వాసనను కొంత తగ్గించినా, వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ గుడ్డ అంచుల చుట్టూ తిరిగి ముందుకు రానే వస్తుంది. మార్చవలసినది రబ్బరు, చూపించుకోవలసినది సైలెన్సరు.

కొనక తప్పదనుకుంటే, పైన, మధ్యలో, కింద మూడు చోట్ల వెడల్పు కొలిచి పంపండి. బండికి డ్రిల్లు పెట్టబోమన్న హామీని రాతపూర్వకంగా తీసుకోండి. బిగించేటప్పుడు పక్కనే ఉండండి. నేను బెల్టు బోల్టులను వేరే మెకానిక్ చేత సరిచేయించి, రంధ్రాలకు తుప్పు పట్టకుండా ప్రైమర్ పూయించాను. డబ్బు అడిగితే, ‘ఒకసారి అమర్చిన వస్తువును వాపసు తీసుకోము’ అని ఒక్క వాక్యం రాసి పంపారు.