మణికట్టు విరిగితే బస్టాండు వెనుక కట్టు కేంద్రానికి వెళ్లకండి

బస్టాండు వెనుక వీధిలో ఎముకలకు కట్టు కట్టే కేంద్రం గురించే రాస్తున్నాను. పేరు రాయనవసరం లేదు, మన ఊరివారికి ఆ బోర్డు తెలుసు. అరవై దాటిన మా అమ్మ వాకిలి కడుగుతూ పాచి మీద జారి, కుడి అరచేయి నేలకు ఆనించి పడింది. మణికట్టుకు కాస్త పైన చేయి వంకర తిరిగింది. ఎక్స్‌రే తీయిస్తే బొటనవేలి వైపు ఎముక, అంటే రేడియస్, చివర విరిగి వెనక్కి ఒరిగిందని తేలింది. ఇంట్లో పెద్దలందరూ ఆపరేషన్ అనగానే భయపడి, ఆపరేషన్ లేకుండా అతికిస్తామన్న ఆ బోర్డు వైపు నడిపించారు.

మూడు కట్లకు కలిపి ఆరు వేలు, అదీ ముందుగానే, నగదే కావాలన్నారు. రసీదు అడిగితే ఇక్కడ అలాంటివి ఉండవన్నారు. ఆ పెద్దమనిషి ఎక్స్‌రే ఫిల్మును ట్యూబ్‌లైటు వైపు ఎత్తి పట్టుకున్నప్పుడు మా అమ్మ పేరు తలకిందులుగా కనిపిస్తోంది. అలాగే చూసి, ‘చిన్న చిట్లు’ అని తేల్చేశారు. ఆకు పసరు, గుడ్డు సొన పూసి, నాలుగు వెదురు బద్దలు పెట్టి, చేతికి ఉన్న గాజులు కూడా తీయించకుండా బిగించి కట్టారు.

ఆ రాత్రికే వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి స్పర్శ తెలియడం లేదని అమ్మ ఏడ్చింది. పొద్దున్నే తీసుకువెళ్లి చూపిస్తే, బెంచీ మీద కూర్చున్న వారందరి ముందు, కనీసం చేయి ముట్టుకోకుండా ఆయన అన్న మాట ఇది: ‘ఈమెకు ఓర్పు తక్కువండీ. కావాలంటే విప్పించుకోండి, రేపు చేయి పడిపోతే నన్నడగొద్దు, డబ్బు కూడా అడగొద్దు.’ ఆ వెంటనే పక్కకు తిరిగి, ‘తరువాతి టోకెన్ ఎవరిది?’ అన్నారు. నలుగురు పిల్లల్ని కని, సంసారాన్ని ఒంటిచేత్తో ఈదుకొచ్చిన మనిషికి ఓర్పు లేదట! ఎదుటివారి నొప్పికి ఓర్పు నేర్పేందుకు ఆరు వేలు చాలా తక్కువ రుసుమే అనుకోవాలి.

ఆసుపత్రిలో కట్టు కోసి తీయగానే చర్మం మీద నీటిబొబ్బలు కనిపించాయి. వాపు వల్ల మణికట్టులోని నరం నొక్కుకుపోయిందని, అందుకే ఆ మూడు వేళ్లకే తిమ్మిరి వచ్చిందని డాక్టరుగారు చెప్పారు. ఎముక చివర అసలే ఒరిగి ఉంది, ఇప్పుడు కురచబడింది కూడా. వాపు తగ్గేదాకా ఆగి, ప్లేటు, స్క్రూలు వేయాల్సి వచ్చింది. తొలిరోజే మత్తు ఇచ్చి ఎముకను సరిచేసి పిండికట్టు వేసి ఉంటే, ఎముక మళ్లీ జరిగిందో లేదో మొదటి రెండు వారాల్లో ఎక్స్‌రేతో చూసుకుంటూ, దాదాపు ఆరు వారాల్లో కట్టు విప్పే అవకాశం ఉండేదట. కట్టు కట్టడం తప్పని నేననడం లేదు, పిండికట్టు కూడా కట్టే కదా. విరిగిన ముక్క సరైన చోట ఉందో లేదో చూడకుండా పైపైన బిగించడమే నా అభ్యంతరం. మరో మాట కూడా ఆసుపత్రిలోనే తెలిసింది: నెలసరి ఆగిన ఆడవారిలో ఎముకలు గుల్లబారడం వల్ల నిలబడిన చోట పడినా మణికట్టు విరుగుతుంది, కనుక చేయి అతుక్కున్నాక ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించాలి. ఆ కట్టు కేంద్రంలో దీని ఊసే లేదు.

ఎవరైనా చేయి ఊని పడితే ముందు గాజులు, ఉంగరాలు తీసేయండి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. కట్టు వేశాక వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా, కదిలిస్తే నొప్పి భరించలేనంతగా ఉన్నా, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి విప్పించండి. బండి మీద నుంచి పడిన కుర్రవాళ్లకు తొలి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా, బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, అక్కడి చిన్న ఎముక విరిగి ఉండవచ్చు. డాక్టరు కట్టు వేసి పది, పద్నాలుగు రోజుల తరువాత మళ్లీ ఎక్స్‌రేకు రమ్మంటే తప్పక వెళ్లండి. రసీదు ఇవ్వనిచోట ముందుగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.