డెయిన్‌ట్రీ ఒక్కరోజు: గైడ్ టూరా, అద్దె కారా?

ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని కెయిర్న్స్‌కి టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. గ్రేట్ బారియర్ రీఫ్ పగడపు దిబ్బలకి ఎలాగూ పడవ ఎక్కాల్సిందే కాబట్టి అక్కడ తర్జనభర్జన ఉండదు. డెయిన్‌ట్రీ అడవి, కేప్ ట్రిబ్యులేషన్ తీరం దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. కారైతే మన ఇష్టం అంటారు ఒకరు, టూర్ అయితే తలనొప్పి ఉండదంటారు ఇంకొకరు.

కారులో వెళ్లడం కష్టమేమీ కాదని ముందే చెప్పాలి. కేప్ ట్రిబ్యులేషన్ దాకా తారు రోడ్డే, మామూలు కారు చాలు. ఎడమవైపు నడపడం మనకు అలవాటే. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్సు పర్యాటకులకు ఇక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో చెల్లుతుంది. దారిలో వచ్చే డెయిన్‌ట్రీ నదికి వంతెన లేదు, కేబుల్ ఫెర్రీ మీద కారుతో సహా దాటాలి, దాటడానికి ఐదు నిమిషాలు. కాబట్టి దారి గురించి బెంగ అక్కర్లేదు. అసలు తేడా అడవిలో దిగాక కళ్లకు ఏం ఆనుతుందన్న దాంట్లో ఉంది. నా మొగ్గు చిన్న గుంపు గైడ్ టూర్ వైపే. అది దేనివల్లో వివరంగా చెప్తాను.

డెయిన్‌ట్రీ ప్రపంచంలోని అతి పురాతన వానడవుల్లో ఒకటి. 1988లో యునెస్కో జాబితాకెక్కింది. దాని పక్కనే ఉన్న రీఫ్ 1981లోనే ఎక్కింది. ఆ రెండూ కేప్ ట్రిబ్ దగ్గర ఒడ్డున కలుసుకుంటాయి. ఇంత పేరున్న చోటికి మొదటిసారి వెళ్లినవాళ్లకు కనిపించేది మాత్రం పచ్చటి గోడ. సఫారీలోలాగా జంతువులు ఎదురొచ్చి నిలబడవు. అడవిలో నడవడానికి కట్టిన పలకల దారి (బోర్డ్‌వాక్) మీద పావుగంటలో చుట్టేసి "చెట్లే కదా" అని కారెక్కే కుటుంబాలు ఎన్నో. అడవిగాచిన వెన్నెల అంటే ఇదే.

ఉదాహరణకి బాయిడ్స్ ఫారెస్ట్ డ్రాగన్ అనే తొండ జాతి జీవి ఉంది. ఎండ కాచుకోవడానికి తిరగదు. గంటల తరబడి ఒకే మానుకి నిటారుగా అతుక్కుని ఉంటుంది. మనిషి దగ్గరికి వస్తే పారిపోదు, మాను చుట్టూ మెల్లగా జరిగి అవతలి వైపుకి చేరుతుంది. మన కంటి ఎత్తులోనే, చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నా దాటిపోతాం. గైడ్ వేలు పెట్టి చూపించినా మొదట బెరడే కనిపిస్తుంది. తర్వాత మెడ మీద ముళ్ల వరస, గొంతు కింద పసుపు తిత్తి, చివరికి మనల్నే చూస్తున్న కన్ను. ఒకసారి ఆ ఆకారం కంటికి పట్టిందంటే రెండోదాన్ని మీరే పట్టుకుంటారు. గైడ్ వల్ల వచ్చే లాభం నా లెక్కలో ఇదే: చూడటం నేర్పిస్తారు.

కాసోవరీ సంగతీ అంతే. ఈమూకి దగ్గరి చుట్టమైన ఈ పెద్ద పక్షి ఒక్కరోజులో కనబడుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు, ఇస్తే నమ్మకండి. కానీ దాని జాడ ఉంటుంది. దారి పక్కన అరగని పండ్ల గింజల కుప్ప కనిపిస్తే గైడ్ వంగి కూర్చుని ఒక్కో గింజా ఏ చెట్టుదో చెప్తారు. అంత పెద్ద గింజల్ని మింగి దూరంగా తీసుకెళ్లి వేసే జీవి ఇక్కడ ఇంకొకటి లేదు, అందుకే చాలా చెట్ల భవిష్యత్తు ఆ పక్షి మీదే ఉంది. నిజంగా ఎదురుపడితే పరిగెత్తకూడదు, వీపు చూపించకూడదు. బ్యాగు మనకీ దానికీ మధ్య అడ్డం పెట్టి మెల్లగా వెనక్కి నడవాలి. కాలి లోపలి వేలికి కత్తిలాంటి గోరు ఉంటుంది దానికి. తిండి పెట్టడం చట్టరీత్యా నేరం.

ఇక గింపీ గింపీ మొక్క. గుండె ఆకారంలో వెడల్పాటి ఆకులు, వాటి నిండా మెత్తగా కనిపించే నూగు. ఆ నూగు నిజానికి సిలికా సూదులు. తగిలితే ఆ మంట రోజులు, వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఉంటుంది. మన దురదగొండి దాని ముందు ఏపాటి? ఈ మొక్క దట్టమైన నీడలో కన్నా వెలుతురు పడే చోట, చెట్టు కూలిన ఖాళీల్లో, దారి అంచుల్లో ఎక్కువగా మొలుస్తుంది. ఫొటో కోసం కారు పక్కకి ఆపి రెండడుగులు పొదల్లోకి వేసేది సరిగ్గా అలాంటి చోటే. తగిలితే రుద్దకండి, వ్యాక్సింగ్ స్ట్రిప్ అతికించి లాగితే సూదులు కొంతవరకు ఊడొస్తాయి. కారులో వెళ్లేవాళ్లు బోర్డ్‌వాక్ దిగకుండా ఉంటే ఈ గొడవే రాదు.

మార్‌జా బోర్డ్‌వాక్ ఒక్కటి చాలు, గైడ్ విలువ తెలియడానికి. ముప్పావు గంట నడకలో వానడవి మడ అడవిగా మారిపోతుంది. విసనకర్రల్లాంటి లికువాలా తాటాకులు ఎక్కడ ఆగాయి, బురదలోంచి శ్వాస వేళ్లు ఎక్కడ మొదలయ్యాయి అన్నది చెప్పేవాళ్లు లేకపోతే ఆ మలుపు తెలియదు. తీరానికి వెళ్తే ఇసుక మీదికి వంగిన చెట్లలో మన పొన్న ఉంటుంది, అదే జాతి. తెలుగువాళ్లకి ఆ చెట్టు కింద నిలబడటం ఒక ప్రత్యేకమైన ఆనందం.

రెండో విషయం డ్రైవరు. కెయిర్న్స్ నుంచి కేప్ ట్రిబ్‌కి సుమారు 140 కిలోమీటర్లు, ఫెర్రీతో కలిపి ఆగకుండా వెళ్తే రెండున్నర నుంచి మూడు గంటలు. ఫెర్రీ దాటాక మిగిలిన 35 కిలోమీటర్లలో అలెగ్జాండ్రా కొండదారి ఇరుకు, మలుపులు ఎక్కువ. రానూపోనూ ఐదారు గంటలు స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకి అడవి కనబడదు, తారు కనబడుతుంది. ఇంట్లో డ్రైవింగ్ వచ్చినవాళ్లు ఒక్కరే అయితే ఆ ఒక్కరి సెలవు రోజు పోయినట్టే.

కారుకి ఉన్న బలాలు కూడా గట్టివే. చంటిపిల్లలుంటే, పెద్దవాళ్లు మెల్లగా నడుస్తారనుకుంటే, పక్షుల కోసం ఒక్కచోటే గంట కూర్చోవాలనుకుంటే టూర్ గడియారం ఇబ్బంది పెడుతుంది. డబ్బు లెక్కలో టూర్ మనిషికి ఇంత, కారు బండికి ఇంత. ఇద్దరైతే కారు అద్దె, పెట్రోలు, ఫెర్రీ, నదిలో మొసళ్లు చూపించే పడవ టికెట్లు, దారిలో ఉన్న మాస్‌మన్ గార్జ్ అనే లోయలోకి తీసుకెళ్లే షటిల్ బస్సు అన్నీ కలిపి చూస్తే తేడా తగ్గిపోతుంది. నలుగురైదుగురైతే కారే చవక. ఏడేళ్లలోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, అద్దె కంపెనీకి ముందే చెప్పాలి.

కారు ప్లాను చెడేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది చీకటి. క్వీన్స్‌లాండ్‌లో డేలైట్ సేవింగ్ లేదు, జూన్ జూలైలలో ఆరుకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. చీకట్లో చిన్న కంగారూల్లాంటి వాలబీలు రోడ్డు మీదికి వస్తాయి. మూడు, మూడున్నరకి కేప్ ట్రిబ్ వదిలితే ఫెర్రీ దగ్గర క్యూ ఉన్నా కొండదారి వెలుతురులోనే దాటేస్తారు. రెండోది కేప్ ట్రిబ్ తర్వాత మొదలయ్యే బ్లూమ్‌ఫీల్డ్ ట్రాక్. మట్టి దారి, వాగులు దాటాలి, ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. చాలా అద్దె ఒప్పందాల్లో మట్టిరోడ్డు మీద, నీళ్లలో జరిగిన నష్టానికి బీమా వర్తించదు. తారు ఆగిన చోట మీరూ ఆగండి. నది దాటాక ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాపు ముందే దించుకోండి, పెట్రోలు నది ఇవతలే నింపుకోండి.

వానాకాలంలో (డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా) వెళ్లేవాళ్లకు తూకం మరింత టూర్ వైపు వాలుతుంది. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను తర్వాత కొండచరియలు పడి ఈ దారి తెగిపోయింది. రోడ్డు మూస్తే టూర్‌వాళ్లు దారి మార్చి ఇంకెక్కడికో తీసుకెళ్తారు, లేదా డబ్బు వాపసు మాట మాట్లాడతారు. కారులో ఉన్నవాళ్లు డగ్లస్ షైర్ కౌన్సిల్ రోడ్డు సమాచారం చూసుకుంటూ కూర్చోవాలి. సన్నటి వానైతే భయపడకండి, అడవి అప్పుడే బాగుంటుంది.

మొసళ్ల పడవ రెండు పద్ధతుల్లోనూ ఉంటుంది, నడిపేవాళ్లే గైడ్లు. చల్లటి నెలల్లో, ఆటుకి బురద ఒడ్డు బయటపడినప్పుడు మొసళ్లు ఎండకి వచ్చి పడుకుంటాయి. వేసవిలో నీళ్లలోనే ఉంటాయి కాబట్టి తక్కువ కనబడతాయి. టూర్‌లో పడవ టైము వాళ్లు పెట్టిందే. కారులో వెళ్తే ఆటుపోట్ల టైము చూసి ఎంచుకోవచ్చు, ఇది కారు కొట్టేసే మార్కు. కేప్ ట్రిబ్ బీచ్‌లో ఈత ఎవరితో వెళ్లినా వద్దు. మొసళ్లు ఏడాదంతా ఉంటాయి, నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీ చేపలు తోడవుతాయి. వాగు సముద్రంలో కలిసే చోట నీటి అంచుకి కనీసం ఐదు మీటర్ల దూరంలో ఉండండి.

పెద్ద కోచ్ బస్సు టూర్లు చవక, అంతే. నలభై మంది దిగి ఎక్కేసరికే బోర్డ్‌వాక్ టైము సగం అయిపోతుంది, తొండ గురించి గైడ్ చెప్పే మాట వెనకవాళ్లకి వినబడదు. రాత్రి కేప్ ట్రిబ్‌లో ఉండగలిగితే చాలా మంచిది, కానీ అది ఒక్కరోజు ప్రశ్న కాదు. అరపూటే ఉంటే మాస్‌మన్ గార్జ్‌తో సరిపెట్టుకోవచ్చు.

టూర్ అనుకున్నవాళ్లు బుక్ చేసేముందు బండిలో ఎంతమంది అని అడగండి. పదీపన్నెండు దాటితే ఇంకోటి చూడండి. ఏయే బోర్డ్‌వాక్‌లు, ఒక్కోచోట ఎన్ని నిమిషాలు అని అడగండి, "ఫొటో స్టాప్" అని జవాబొస్తే దాన్ని నడకగా లెక్కించకండి. కెయిర్న్స్‌లో ఎక్కినవాళ్లు అందరికన్నా ముందు ఎక్కి అందరికన్నా చివర దిగుతారు, రోజు పదకొండు పన్నెండు గంటలవుతుంది. ముందురాత్రి 67 కిలోమీటర్ల ముందున్న పోర్ట్ డగ్లస్‌లో ఉంటే రానూపోనూ రెండు గంటలకు పైగా మిగులుతాయి. మలుపుల్లో వాంతులయ్యేవాళ్లు ముందు సీటు అడిగి పెట్టుకోండి. మధ్యాహ్న భోజనం శాకాహారమైతే బుకింగ్‌లోనే రాయండి, అడవిలో అడిగితే సలాడ్ తప్ప దొరకదు.

కారే కావాలని గట్టిగా అనుకున్నవాళ్లకి ఒక మధ్యేమార్గం ఉంది. మాస్‌మన్ గార్జ్ సెంటర్లో స్థానిక ఆదివాసులైన కుకు యలంజి గైడ్లు నడిపించే డ్రీమ్‌టైమ్ వాక్ తీసుకోండి. ఇది వాళ్ల నేల, 2021లో డెయిన్‌ట్రీ నేషనల్ పార్క్ యాజమాన్యం తూర్పు కుకు యలంజి ప్రజలకి తిరిగి దక్కింది. ముందుగా బుక్ చేసుకుని పొద్దున్నే మొదటి నడకకి వెళ్లండి. ఏ ఆకు నలిపితే నురగొస్తుందో, ఏ కాయ విషమో వాళ్ల దగ్గర తెలుసుకుని ఆ తర్వాత ఫెర్రీ ఎక్కితే, మార్‌జాలో మీ పిల్లలే మీకు చెట్లు చూపిస్తారు.