డెత్ వ్యాలీ సన్‌రైజ్ లొకేషన్ల గైడ్ కొనబోతున్నారా? ఆగండి

ఎడారిలో స్ప్రింగ్ సన్‌రైజ్ ఫోటోలకి లొకేషన్లు, మ్యాప్ పిన్లు, టైమింగ్స్ అన్నీ కలిపి గైడ్‌లు అమ్ముతున్నాడే, ఎవరి గురించో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది, దయచేసి ఆయన దగ్గర ఏదీ కొనకండి. నేను అమెరికాలో, కాలిఫోర్నియా ఎడారిలో ఉండే డెత్ వ్యాలీ గైడ్ కొన్నాను. నిన్ననే తిరిగొచ్చాను, కోపం ఇంకా తగ్గలేదు.

అందులో మొదటి స్పాట్ బ్యాడ్‌వాటర్ బేసిన్. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉండే తెల్లటి ఉప్పు నేల, దాని మీద పలకలు పలకలుగా విచ్చుకున్న గీతలు, వెనక కొండల మీద ఎర్రటి సూర్యుడు. ఆ ఫోటో చూసే చాలామంది కొంటున్నారు. దాని కింద "మార్చి, సూర్యోదయం, ఇదే పిన్" అని ఉంటుంది. నేనూ మా బావా చీకట్లోనే వెళ్లి, ఉప్పు మీద చాలా దూరం నడిచి, ట్రైపాడ్లు పెట్టుకుని నిలబడ్డాం. టైమ్ దాటింది, ఆకాశం తెల్లబడింది, సూర్యుడు మాత్రం లేడు. తూర్పున పక్కనే బ్లాక్ మౌంటెన్స్ నిట్టనిలువుగా అడ్డం ఉన్నాయి, సూర్యోదయం అయిన చాలాసేపటికి గానీ ఆ ఉప్పు మీద ఎండ పడదు. అక్కడే నిలబడి ఫోన్‌లో ఆయన ఫోటో మళ్లీ తెరిచాను. అందులో సూర్యుడి పక్కనున్న శిఖరం నా కళ్లెదుటే ఉంది. టెలిస్కోప్ పీక్, 3,300 మీటర్లు దాటిన కొండ, పైన ఇంకా మంచు. అది ఉన్నది పడమర దిక్కున! అంటే సాయంత్రం తీసిన ఫోటోకి సూర్యోదయం అని పేరు పెట్టి అమ్ముతున్నాడు.

మెసేజ్ పెట్టాను, మర్యాదగానే. "సార్, ఈ ఫోటోలో సూర్యుడు పడమరన ఉన్నాడు, ఒకసారి చూస్తారా" అని అంతే. వచ్చిన జవాబు ఇది: "లైట్ చదవడం రానివాళ్లకి లొకేషన్ ఇచ్చినా దండగే. నువ్వు ముందు కెమెరా పట్టుకోవడం నేర్చుకో." డబ్బు కట్టకముందు "అన్నా, అర్ధరాత్రయినా అడగండి, నేనున్నాను" అన్న మనిషే ఇలా అన్నాడు! అదే చోటు నుంచి తీసిన ఫోటో దిక్కులతో సహా పంపాను. బ్లాక్ చేశాడు. సెలవు పెట్టుకుని, నిద్ర మానుకుని వెళ్లినవాళ్లతో మాట్లాడే పద్ధతేనా అది?

మిగతా పేజీలూ అంతే. జబ్రిస్కీ పాయింట్ దగ్గర సూర్యుడు ఎదురుగా ఉదయిస్తాడని రాశాడు. ఆ వ్యూపాయింట్ చూసేది పడమర వైపు, సూర్యుడు మన వెనక నుంచి వస్తాడు, తొలి వెలుగు దూరాన పానమింట్ కొండల కొనల మీద పడి, మెల్లగా కిందికి దిగి, ఎదురుగా కోసుగా ఉండే మ్యాన్లీ బీకన్ శిఖరాన్ని అందుకుంటుంది. అక్కడి అందమంతా అదే, ఆ ముక్క గైడ్‌లో ఎక్కడా లేదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది కదా, టైమ్ టేబుల్‌లో అదీ కలపలేదు, చలిలో ఒక గంట ఉత్తినే నిలబడ్డాం. ప్రతి మార్చిలో నేలంతా పూలే అని ఇంకో మాట. పూలు అంతకుముందు పడిన వానల మీద ఆధారపడతాయి, 2005, 2016 లాంటి పూలు విరగబూసే సంవత్సరాలు ఎప్పుడో గానీ రావు.

ఏ గైడ్ కొన్నా ముందు ఫోటోపిల్స్ లాంటి యాప్‌లో ఆ తేదీకి సూర్యుడు ఏ దిక్కున వస్తాడో, ఆ పక్కన కొండలున్నాయో లేదో చూసుకోండి. బ్యాడ్‌వాటర్‌కి పొద్దున్నే వెళ్తే పడమర తిరిగి టెలిస్కోప్ పీక్ మంచు మీద పడే గులాబీ వెలుగు తీయండి, పొడవైన లెన్స్ ఉంటే ఇంకా మంచిది. నేను కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. ఇప్పటికే కొన్నవాళ్లు ఆ ఫోటో ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ వెంటనే తీసి పెట్టుకోండి, ఈ పోస్ట్ చూశాక ఆయన దాన్ని మార్చేస్తాడు.