సుంబాలో స్థలం: లీజా, బినామీయా?

ఇండోనేషియాలోని సుంబా దీవిలో, ఏ పల్లె పక్కనో సముద్రానికి ఎదురుగా ఉన్న నేల మీద మనసుపడిన విదేశీయుడికి సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి లీజు. రెండోది ఊళ్లో ఎవరి పేరు మీదో కొనేయడం, మన మాటల్లో బినామీ.

బినామీలో నేల మనదే అన్న భ్రమ ఉంటుంది. కానీ 1960 నాటి భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్యం, అంటే హక్ మిలిక్, ఆ దేశ పౌరులకే. దొడ్డిదారిన దాన్ని విదేశీయుడికి చేర్చే ఒప్పందం చెల్లదు. నేల ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి రాదు. పేరిచ్చినవాడు మంచివాడే కావచ్చు, రేపు అతని పిల్లల సంగతేమిటి?

లీజులో ఆ మోజు లేదు. పాతిక ముప్పై ఏళ్లకు గడువు ముగుస్తుంది. పొడిగింపు షరతులు ముందే రాసుకోకపోతే, కట్టుకున్న ఇల్లు వదిలి రావాల్సిందే. అయినా నా ఓటు దీనికే: కాగితం మీద మీ పేరే ఉంటుంది.

ఏ దారైనా అసలు చిక్కు ఊళ్లోనే. సుంబాలో చాలా నేల వంశానిది. ఇళ్ల మధ్యనే పూర్వీకుల రాతి సమాధులుంటాయి. ఒక్కడి సంతకం చాలదు, పెద్దలంతా ఒప్పుకోవాలి.

బాలి నుంచి సుంబాలోని తాంబోలకాకు విమానముంది. పక్క దీవి సుంబావాలోని సాపె నుంచి ఫెర్రీ కూడా ఉంది. సంతకానికి ముందు అక్కడి ఎండాకాలం చివర్లో, బావులు అడుగంటినప్పుడు, ఓ నెల అద్దెకుండి చూడండి.